టెక్ సందేహాలు: షుగర్ చెప్పే వాచీ, కాళ్లకు మేజోళ్లు, చెమట బెల్టు

మా బాపుకు పదేండ్ల సంది షుగర్. దసరాకు ఆన్‌లైన్‌ల 2,500 పెట్టి వాచీ కొనిచ్చిన. సూది పొడవకుండనే షుగర్, బీపీ చూపిస్తది. ఇప్పుడాయన స్ట్రిప్‌ల మిషన్ పక్కకు పెట్టి, వాచీల 110 ఉన్నదని రాత్రి గోలీ మానేస్తుండు. నమ్మొచ్చా? – హనుమకొండ పాఠకురాలు

నమ్మొద్దు. ముందు బాపు గోలీలు మానేసిన సంగతి ఆయన డాక్టరుకు ఫోన్ చేసి చెప్పండి, మిగతాది తర్వాత చదవండి.

వాచీ అడుగున పచ్చ లైట్లు మెరుస్తుంటాయి కదా. రక్తం పచ్చ వెలుగును పీల్చుకుంటుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా మణికట్టులో రక్తం పెరిగి తగ్గుతుంది, దాంతో తిరిగొచ్చే వెలుగూ మారుతుంది. ఆ మార్పులు లెక్కపెట్టి వాచీ నాడి చెబుతుంది. ఇది నిజమైన కొలతే. రక్తంలో చక్కెర ఎంతుందో మాత్రం ఆ వెలుగుకు తెలియదు. చర్మాన్ని గుచ్చకుండా షుగర్ కొలుస్తామనే వాచీలను, ఉంగరాలను వాడొద్దని అమెరికా నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలోనే హెచ్చరించింది. అలాంటి ఒక్కదానికీ తాము అనుమతి ఇవ్వలేదని కూడా చెప్పింది.

మాటిమాటికీ వేలు పొడుచుకోవడమే బాపుకు కష్టమైతే సీజీఎం గురించి డాక్టరును అడగండి. జబ్బకు అంటించే రూపాయి బిళ్లంత సెన్సర్ అది. దాని సన్నటి తీగ చర్మం కిందికి దిగి, కణాల మధ్య ఉండే ద్రవంలో చక్కెర కొలుస్తుంది. మన దగ్గర ఎక్కువగా దొరికేది సుమారు రెండు వారాలు పనిచేస్తుంది, తర్వాత కొత్తది కొనాలి. ఖర్చు ఎక్కువే. ఫోన్‌లో కనిపించే అంకె రక్తం కంటే కొన్ని నిమిషాలు వెనకబడి ఉంటుంది కాబట్టి చెమటలు, వణుకు వస్తే స్ట్రిప్‌తో చూసుకోవాల్సిందే. 70 కంటే తగ్గితే వెంటనే చక్కెర నీళ్లు తాగించాలి.

బీపీ సంగతీ అంతే. పేరున్న శాంసంగ్ వాచీకే 28 రోజులకోసారి చేతి పట్టీ మిషన్‌తో లెక్క సరిచూపించాలి. అసలు పట్టీయే అడగని వాచీ ఏం చూసి బీపీ చెబుతుంది?

బాపు వినకపోతే ఆయన ముందరే వాచీని అరటిపండుకు చుట్టండి. కొన్ని చవక వాచీలు పండుకూ బీపీ చూపిస్తాయి. చూపించకపోయినా షుగర్ అంకె నిజమైపోదు.

వాచీని పారేయొద్దు. పొద్దున భద్రకాళి బండ్ మీద నడిచేటప్పుడు నాడికి, అడుగులకు అక్కరకొస్తుంది. మణికట్టు ఎముకకు వేలెడు పైన, కదలకుండా కట్టుకోమనండి. పది వేల అడుగులు పూర్తి కాలేదని దిగులు పడనవసరం లేదు. ఆ అంకె 1965లో జపాన్‌లో అమ్మిన అడుగుల మీటర్ పేరులోంచి వచ్చింది, ఏ డాక్టరూ రాసిచ్చింది కాదు.

బట్టల దుకాణంల పొద్దంతా నిలబడే పని. పిక్కల మీద నరాలు ఉబ్బినయి. ఆన్‌లైన్‌ల దొరికే బిగుతు సాక్సులు వేసుకోవచ్చా? – వరంగల్ పాఠకుడు

వేసుకోవచ్చు, కానీ ఒకసారి డాక్టరుకు చూపించాకే. కాళ్లలోకి రక్తం తెచ్చే ధమనులు మూసుకుపోయిన వాళ్లకు ఈ మేజోళ్లు కీడు చేస్తాయి. షుగర్ ఉండి పాదాలు మొద్దుబారిన వాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి.

అసలైన వైద్య మేజోడు చీలమండ దగ్గర ఎక్కువ బిగుతుగా ఉండి పైకి పోయినకొద్దీ వదులవుతుంది. డబ్బా మీద ఆ ఒత్తిడి పాదరసం మిల్లీమీటర్లలో రాసి ఉంటుంది: జర్మన్ ప్రమాణంలో క్లాస్ 1 అంటే 18–21, క్లాస్ 2 అంటే 23–32. అంకె లేకుండా వట్టి 'కంప్రెషన్' అని రాసినదాన్ని కొనొద్దు. చెప్పు సైజును బట్టి కూడా తీసుకోవద్దు. పొద్దున లేవగానే, వాపు రాకముందే, చీలమండ, పిక్క చుట్టుకొలతలు టేపుతో తీసుకోండి. పైఅంచు మడిచారంటే అక్కడ తాడు బిగించినట్టే. డాక్టరు వేరే చెబితే తప్ప పడుకునేటప్పుడు తీసేయండి. మన ఎండాకాలానికి వేళ్లు బయటికుండే రకం నయం.

ఉబ్బిన సిరలను మేజోడు మాయం చేయదు, కాళ్లు బరువెక్కినట్టుండడాన్ని, వాపును తగ్గిస్తుంది. పిక్క కండరమే రక్తాన్ని పైకి తోసే పంపు కాబట్టి గిరాకీ లేనప్పుడు మడమలెత్తి దించుతుండండి.

నడుముకు చెమట బెల్టు కట్టుకుంటే పొట్ట తగ్గుతదా? – కరీంనగర్ పాఠకుడు

తగ్గదు. పోయేది నీళ్లే, రెండు గ్లాసులు తాగితే ఆ బరువు మళ్లీ వస్తుంది. మే నెలలో అది కట్టుకుని పరుగెత్తితే వడదెబ్బ తగులుతుంది. ఆ డబ్బుతో మంచి బూట్లు కొనుక్కోండి.