సొంత ముగ్గుల ఫోటోలతో ఏఐ ఇమేజ్ మోడల్‌ని ట్రైన్ చేయవచ్చా? నేను చేసి చూసినంతలో

మూడేళ్లుగా మీరు వేసిన ముగ్గుల ఫోటోలు రెండొందల దాకా ఫోన్‌లో ఉన్నాయని, వాటితో మీ చేతి తీరు నేర్చుకున్న ఇమేజ్ జనరేటర్ చేసుకోవచ్చా, ఎన్ని ఫోటోలు కావాలి, ఇంట్లో ల్యాప్‌టాప్ సరిపోతుందా అని అడిగారు.

చేసుకోవచ్చండీ. పోయిన ధనుర్మాసంలో నేను చేసింది ఇదే పని. రెండుసార్లు పాడై మూడోసారికి కుదిరింది. ఆ రెండుసార్లూ తప్పు సెట్టింగుల్లో లేదు, ఒకసారి ఫోటోల్లో, ఒకసారి వాటికి రాసిన వర్ణనల్లో ఉంది. అందుకే ఎక్కువగా వాటి గురించే చెబుతాను.

ముందుగా ఒక మాట. మనం కొత్త మోడల్‌ని మొదటి నుంచి తయారు చేయడం లేదు. స్టేబుల్ డిఫ్యూజన్, ఫ్లక్స్ లాంటి బొమ్మలు వేసే మోడళ్లు కోట్ల కొద్దీ బొమ్మలు చూసి నేర్చుకున్నవి. వాటిని కదపకుండా, పక్కన ఒక చిన్న పొరను చేర్చి ఆ పొరకి మాత్రమే నేర్పిస్తాం. దాన్నే లోరా అంటారు. 2021లో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు భాషా మోడళ్ల కోసం తెచ్చిన పద్ధతి అది, తర్వాత బొమ్మల వాళ్లు అందిపుచ్చుకున్నారు. నేను వాడిన ఎస్‌డీఎక్స్‌ఎల్ (స్టేబుల్ డిఫ్యూజన్‌లో ఒక రకం) ఫైలు దాదాపు 7 జీబీ. నా లోరా ఫైలు వంద ఎంబీకి అటూ ఇటూ.

ఇక నా మొదటి ప్రయత్నం. నా ఫోటోల్లో చాలావరకు తెల్లవారుజామున, ముగ్గు అవ్వగానే, నిలబడ్డ చోటినుంచే వరండా లైటు వెలుగులో తీసినవి. లైటు నా వెనక ఉంటుంది. కాబట్టి వాటిలో కింది భాగాన నా నీడ ఉంది. ఎడమ మూలన ముగ్గుపిండి స్టీలు గిన్నె ఉంది. ఇన్నేళ్లూ నా కంటికి అవి ఆనలేదు, నేను ముగ్గునే చూసుకున్నాను. 110 ఫోటోలూ ఏరకుండా ఇచ్చేశాను. ట్రైనింగ్ అయ్యాక బొమ్మలు అడిగితే ముగ్గు ఒకసారి కుదిరింది, ఒకసారి చెదిరింది, గిన్నె మాత్రం ప్రతిసారీ వచ్చింది. నీడ కూడా వచ్చింది: తల, భుజాలు, ఫోన్ పట్టుకోవడానికి ఎత్తిన రెండు మోచేతులు. మోడల్‌కి ముగ్గు ముఖ్యం, గిన్నె అనవసరం అన్న తేడా తెలియదు. ఎక్కువ ఫోటోల్లో ఉమ్మడిగా ఏదుంటే, మనం నేర్పుతున్నది అదేననుకుంటుంది.

అందుకని కూర్చుని ఏరాను. నీడ పడ్డవి తీసేశాను, గిన్నె ఉన్నవాటిలో ఆ మూలను కత్తిరించేశాను, పుస్తకంలో చూసి దింపినవీ, వేరేవాళ్ల వాకిట్లో తీసినవీ పక్కన పెట్టాను. 22 మిగిలాయి. మరో 12 కొత్తగా వేసి, స్టూలు ఎక్కి నిటారుగా పైనుంచి తీశాను. కొన్ని సిమెంటు గచ్చు మీద, కొన్ని నల్ల బండ మీద, రెండు పేడనీళ్లు చల్లిన మట్టి వాకిట్లో. మొత్తం 34. ఒక్క వస్తువునో మనిషినో నేర్పాలంటే తక్కువ చాలు (2022లో గూగుల్ పరిశోధకులు తెచ్చిన డ్రీమ్‌బూత్ పద్ధతికి మూడు నుంచి ఐదు ఫోటోలు సరిపోయాయి), ఒక శైలి నేర్పాలంటే ముప్పై నలభై ఉంటే మంచిదని నా అనుభవం. మీ రెండొందల్లోంచి నలభై ఏరండి. మిగతావి చేర్చితే లాభం కన్నా నష్టమే ఎక్కువ.

రెండోసారి దెబ్బ తిన్నది క్యాప్షన్ల దగ్గర. ప్రతి ఫోటోకి అదే పేరుతో ఒక టెక్స్ట్ ఫైలు పెట్టి, అందులో వర్ణన రాయాలి. ఎస్‌డీఎక్స్‌ఎల్‌కి తెలుగు దాదాపు అర్థం కాదు కాబట్టి ఇంగ్లీషులోనే రాయాలి. నేను నా ముగ్గుకి పేరుగా రంగోలి అనే పదాన్నే పెట్టాను. కానీ ఆ పదానికి బేస్ మోడల్‌లో, అంటే మనం కదపకుండా ఉంచిన అసలు మోడల్‌లో, ముందే ఒక అర్థం ఉంది: రంగులు, పూలరేకులు, దీపాలు. నా తెల్లపిండి ముగ్గు చుట్టూ అడగకుండానే ప్రమిదలు వచ్చి కూర్చున్నాయి. అందుకే దేనికీ చెందని, అర్థం లేని పొట్టి పదం ఒకటి కల్పించుకుని దాన్నే వాడాలి.

క్యాప్షన్‌లో ఏం రాయాలన్నది చాలామందికి తిరగబడి అర్థమవుతుంది. నాకూ అలాగే అయింది. తర్వాత మీరు మార్చుకోవాలనుకునేవన్నీ రాయాలి: నల్ల బండ మీద, పొద్దుటి ఎండలో, పైనుంచి తీసినది, మధ్యలో బంతిపువ్వు ఉంది. మీ పదానికి అతుక్కుపోవాలనుకునేది మాత్రం రాయకూడదు. నా గీత సన్నగా మొదలై మలుపు దగ్గర కాస్త లావెక్కుతుంది, అక్కడ వేళ్లు ఒక్క క్షణం ఆగుతాయి. ఆ సంగతి ఏ ఫైల్లోనూ రాయలేదు. రాయనందుకే అది నా పదంలోకి చేరింది. మూడోసారి వచ్చిన బొమ్మల్లో ఆ మలుపు లావు చూడగానే నా చెయ్యేనని గుర్తుపట్టాను. నిజంగా ఒళ్లు జలదరించింది.

అయితే ఒకటి ముందే తెలుసుకోండి. ఈ మోడళ్లకి చుక్కలు లెక్కపెట్టడం రాదు. ఏడు చుక్కలు ఏడు వరుసలు అని ఎంత స్పష్టంగా అడిగినా ఒక వరుసలో ఆరు, ఇంకో వరుసలో ఎనిమిది వస్తాయి. 13 నుంచి 7 దాకా సందు చుక్కలంటే ఇక చెప్పక్కర్లేదు. మెలికల ముగ్గులో గీత చుక్కని చుట్టుకుంటూ వెళ్లి మొదలైన చోటికే చేరాలి కదా, ఇక్కడ మధ్యలో తెగిపోతుంది, లేదా రెండు మెలికలు ఒకదాంట్లో ఒకటి కరిగిపోతాయి. మోడల్ నేర్చుకునేది ముగ్గు ఎలా కనిపిస్తుందన్నది, ఎలా వేస్తారన్నది కాదు. ఇంకో కారణం కూడా ఉంది. బొమ్మని లోపల ఎనిమిదో వంతు పొడవు వెడల్పులకి కుదించి పని చేస్తుంది: 1024 పిక్సెళ్ల వెడల్పున్న బొమ్మ అడ్డంగా 128 గడులవుతుంది. పెద్ద ముగ్గు ఫోటోలో ఒక చుక్క ఆరేడు పిక్సెళ్లే ఉంటే అది ఒక్క గడిలో కలిసిపోతుంది. నేను 21 చుక్కల పండగ ముగ్గులన్నీ తీసేసి, 5 నుంచి 9 చుక్కలవే ఉంచింది ఇందుకే.

చుక్కల లెక్క తప్పకూడదంటే మోడల్‌కి తోడుగా కంట్రోల్‌నెట్ అనే సాధనం వాడండి. 2023లో వచ్చింది. మనం గీసిన గీతల బొమ్మ ఇస్తే ఆ గీతల ప్రకారమే బొమ్మ వేస్తుంది. నేను తెల్ల కాగితం మీద పెన్నుతో 9 చుక్కల ముగ్గు వేసి స్కాన్ చేసి ఇచ్చాను. ఆకారం కాగితంది, పిండి జారిన తీరు నా లోరాది. మా అక్క కూతురి ఓణీల ఫంక్షన్ కార్డుకి వెనక డిజైన్ అలాగే చేశాను. కార్డు చేతికి రాగానే మా అత్తయ్య వేలు పెట్టి చుక్కలు లెక్కపెట్టి చూసింది. సరిపోయాయి.

సెట్టింగులు క్లుప్తంగా: లోరా ట్రైనింగ్ కోసం ఉన్న కోహ్యా స్క్రిప్టులు వాడాను, ర్యాంక్ (చేర్చే పొర ఎంత పెద్దదన్నది) 16, లెర్నింగ్ రేట్ (ఒక్కో స్టెప్పుకి ఎంత మారాలన్నది) 0.0001, బ్యాచ్ (ఒక స్టెప్పులో చూసే ఫోటోలు) ఒకటి, ఒక్కో ఫోటో 10 సార్లు చొప్పున 8 ఎపోక్‌లు (విడతలు), అంటే 34 × 10 × 8 = 2,720 స్టెప్పులు. ప్రతి ఎపోక్‌కీ ఫైలు సేవ్ అయ్యేలా పెట్టుకోండి, ఆఖరిదే మంచిదని అనుకోవద్దు. నాకు ఐదోది నచ్చింది. ఎనిమిదో దాంట్లో ఏం అడిగినా నేనిచ్చిన ఫోటోలే అటూ ఇటూగా తిరిగొచ్చాయి. ఫోటోలను అద్దంలోలా తిప్పే ఆప్షన్ ఆపేయండి, ముగ్గు పక్కన తెలుగు అక్షరాలు రాసే అలవాటుంటే మరీ ముఖ్యం.

ల్యాప్‌టాప్ సంగతి: విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని మామూలు ల్యాప్‌టాప్‌లో అవ్వదు. నేను 24 జీబీ మెమరీ ఉన్న జీపీయూని (గ్రాఫిక్స్ కార్డుని) ఆన్‌లైన్‌లో గంటల లెక్కన అద్దెకు తీసుకున్నాను, గంటన్నర లోపే అయిపోయింది. ఫోటోలు అప్‌లోడ్ చేస్తే అన్నీ మేమే చూసుకుంటామనే వెబ్‌సైట్లున్నాయి. మొదటిసారి అలాంటి ఒకదానికి డబ్బు కట్టాను. లోరా ఫైలు డౌన్‌లోడ్ ఇవ్వలేదు, నా ఫోటోలు తీసేయమని మెయిల్ పెడితే జవాబూ లేదు. కట్టే ముందు ఈ రెండూ అడగండి: ఫైలు నా చేతికిస్తారా, ఫోటోలు తీసేస్తారా అని. ముగ్గు పక్కన పిల్లలు నిలబడ్డ ఫోటోలుంటే మాత్రం ఎవరేం చెప్పినా వాటిని అప్‌లోడ్ చేయొద్దు.