నిఘా కొలువులు: మనుషులు దొరకడం, నిలవడం

నిఘా సంస్థల సిబ్బంది వ్యవహారాలపై పాఠకులు అడిగిన ప్రశ్నలకు నిపుణుల జవాబులు.

ప్రశ్న: నిఘా సంస్థల్లో ఉద్యోగాల భర్తీపై సలహా కోసం ప్రభుత్వాలు బయటి నిపుణుల్ని పిలుస్తుంటాయి. లోపలి రహస్యాలు తెలియనివాళ్లు ఏం చెప్పగలరు?

జవాబు: ఈ పనికి రహస్యాలు అక్కర్లేదు, తేదీలు చాలు. దరఖాస్తు అందిన రోజు, ఇంటర్వ్యూ రోజు, షరతులతో ఆఫర్ ఇచ్చిన రోజు, సెక్యూరిటీ క్లియరెన్స్ (నేపథ్యం విచారించి, రహస్య సమాచారం చూడటానికి ఇచ్చే అనుమతి) వచ్చిన రోజు, ఉద్యోగంలో చేరిన రోజు. పేర్లు తీసేసి, మూడేళ్ల అభ్యర్థులందరివీ ఈ ఐదు తేదీలు చేతికిస్తే పని ఎక్కడ ఆగుతోందో తేలిపోతుంది.

సగటు మాత్రమే ఇస్తామంటే మాత్రం ఒప్పుకోకూడదు. ముప్పావు వంతు మంది ఐదు నెలల్లో చేరి, మిగిలినవాళ్లు రెండేళ్లు ఎదురుచూసినా సగటు పది నెలల్లోపే వస్తుంది. చూడ్డానికి ఫరవాలేదనిపిస్తుంది. కానీ అరుదైన భాషలు వచ్చినవాళ్లు, విదేశాల్లో చదివినవాళ్లు ఎక్కువగా ఉండేది ఆ మిగిలిన పావు వంతులోనే. మధ్యలో విసిగి తప్పుకున్నవాళ్లను లెక్కలోంచి తీసేయడం ఇంకో పెద్ద తప్పు. అసలు నష్టం వాళ్లే కదా!

బయటివాళ్ల చూపు ఎందుకు పనికొస్తుందో చెప్పడానికి ఒక ఉదాహరణ. 2001 సెప్టెంబరు 11 దాడులపై విచారణ జరిపిన అమెరికా కమిషన్ 2004లో ఇచ్చిన నివేదికలో ఒక లెక్క ఉంది. 2002లో ఆ దేశపు కాలేజీలు, యూనివర్సిటీలన్నీ కలిపి అరబిక్‌లో ఇచ్చిన బ్యాచిలర్ డిగ్రీలు 6. ఆ అంకె ఏ రహస్య ఫైల్లోనూ ఉండదు. అరబిక్ వచ్చిన అనలిస్టులు కావాలని ఎన్ని ప్రకటనలు ఇచ్చినా ఎందుకు దొరకరో మాత్రం ఆ ఒక్క అంకె చెప్పేస్తుంది.

కమిటీలో ఐదుగురు, మహా అయితే ఏడుగురు చాలు. ఆ సంస్థలో పనిచేసి రిటైరైనవాళ్లు ఒక్కరే ఉండాలి. ఇద్దరు ముగ్గురు చేరితే చర్చంతా ‘మా రోజుల్లో’ దగ్గరే ఆగిపోతుంది. గణాంకాలు తెలిసినవాళ్లు ఒకరు, బయటి రంగంలో పెద్దఎత్తున నియామకాలు నడిపినవాళ్లు ఒకరు తప్పనిసరి. ప్రతి సిఫార్సు పక్కనా దాన్ని అమలు చేయాల్సిన అధికారి హోదా, గడువు రాయించాలి. అవి లేని నివేదిక బీరువాలోకి వెళ్తుంది.

ప్రశ్న: ఎంపికైనవాళ్లు కూడా నేపథ్య విచారణ పూర్తయ్యేలోపే వేరే ఉద్యోగాల్లో చేరిపోతున్నారు. విచారణ సడలిస్తే భద్రతకు ముప్పు. మరి మార్గం?

జవాబు: విచారణను సడలించకూడదు, సడలించనక్కర్లేదు కూడా. ఆలస్యంలో చాలా భాగం విచారణ వల్ల కాదు, ఫైలు కదలక పడి ఉండటం వల్ల.

అమెరికా 2004 నాటి చట్టంలోనే గడువు పెట్టుకుంది: 90 శాతం క్లియరెన్స్ కేసులు సగటున 60 రోజుల్లో తేలాలి, అందులో 40 విచారణకు, 20 నిర్ణయానికి. 2018 వచ్చేసరికి 7 లక్షలకు పైగా కేసులు పేరుకుపోయాయి. అంతకుముందు 2014లో అతిపెద్ద కాంట్రాక్టు సంస్థతో ఒప్పందం ముగిసి, విచారణ జరిపే మనుషులు ఒక్కసారిగా తగ్గిపోయారు. మనుషులు లేకుండా చట్టంలో గడువు రాసుకుంటే ఇలాగే అవుతుంది.

చేయగలిగినవి చాలా ఉన్నాయి. ఏ కారణాలతో అనర్హులవుతారో ప్రకటనలోనే రాయాలి. చవకగా, త్వరగా తేలే తనిఖీలు, అంటే పౌరసత్వం, నేర చరిత్ర లాంటివి ముందు జరగాలి. ఊరూరా తిరిగి మనుషుల్ని కలిసే ఖరీదైన విచారణ తర్వాత. విదేశాల్లో బంధువులున్నవాళ్ల ఫైళ్లకు ఎక్కువ సమయం పడుతుందని ముందే తెలుసు కాబట్టి వాటిని మొదటి రోజే మొదలుపెట్టాలి. వాటిని ‘చిక్కు కేసులు’ అంటూ అడుగున పెట్టడం మామూలైపోయింది, అది చాలా చేటు చేస్తుంది.

ఫారాల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. అమెరికాలో క్లియరెన్స్ కోసం నింపే ఎస్ఎఫ్-86 అనే ఫారం వంద పేజీలు దాటుతుంది. ఏళ్లనాటి చిరునామాలు, ఉద్యోగాలు, విదేశీ ప్రయాణాలు, బంధువుల వివరాలు అన్నీ అడుగుతుంది. రెండు చిరునామాల మధ్య రెండు నెలలు ఖాళీ ఉన్నా, పాస్‌పోర్టులో పేరు ఒకలా, డిగ్రీలో ఒకలా ఉన్నా ఫారం వెనక్కి రావచ్చు. తిప్పి పంపిన ఫారం మళ్లీ వరుస చివర చేరితే నెలలు పోతాయి. ఫారం ఇచ్చే ముందు సిబ్బందిలో ఒకరు అభ్యర్థితో గంటసేపు కూర్చుని తేదీలు వరుసగా సరిచూడాలి. తిరిగొచ్చినా పాత వరుస సంఖ్యే ఉండాలి.

ఇక అభ్యర్థికి ఏమీ చెప్పని మౌనం. రెండు వారాలకోసారి ఒకే అధికారి ఫోన్ చేసి, ‘మీ ఫైలు ఇంకా విచారణలోనే ఉంది, కొత్తగా ఏమీ అడగలేదు’ అని చెప్పినా అభ్యర్థి నిలబడతారు. వీలైతే ఈలోగా రహస్యం కాని పని ఇవ్వాలి: భాషా శిక్షణ, బహిరంగ సమాచార విశ్లేషణ.

ప్రశ్న: జీతాల్లో ప్రైవేటు కంపెనీలతో పోటీపడలేనప్పుడు సాంకేతిక నిపుణుల్ని ఎలా నిలుపుకోవాలి?

జవాబు: జీతం తేడా పూర్తిగా పూడదు. కానీ డబ్బే ఏకైక కారణం అనుకుని చేతులెత్తేస్తే మిగతా కారణాలు అలాగే ఉండిపోతాయి. మంచి అనలిస్టును పదోన్నతి పేరుతో సెలవులు, బిల్లులు చూసే కుర్చీలో కూర్చోబెడతారు. ఇష్టమైన పని పోతుంది, అనలిస్టూ పోతాడు. అజమాయిషీ లేకుండానే అదే హోదా, అదే జీతం అందే నిపుణుల మెట్లు వేరుగా ఉండాలి.

ఈ కొలువులో ఇంకో కష్టం ఉంది. చేసిన పని ఇంట్లో చెప్పుకోకూడదు, బయోడేటాలో రాసుకోకూడదు. అందుకే రాసిన నివేదిక ఎవరు చదివారు, దాంతో ఏం జరిగింది అన్నది రాసినవాళ్లకు తిరిగి తెలియాలి. పైఅధికారికి పది నిమిషాల పని, అయినా దీన్ని దాదాపు అందరూ వదిలేస్తారు. వెళ్లేటప్పుడు చేసే ఎగ్జిట్ ఇంటర్వ్యూలో మర్యాదకు ‘మంచి జీతం వచ్చింది’ అంటారు. ఉద్యోగంలో ఉన్నప్పుడే, ఏడాదికోసారి, తన పైఅధికారి కాని మనిషి కూర్చుని అడగాలి.

ప్రశ్న: వెళ్లిపోయినవాళ్లను మళ్లీ తీసుకోవచ్చా?

జవాబు: తప్పకుండా తీసుకోవచ్చు. రాజీనామా రోజునే తిరిగొచ్చే పద్ధతి కాగితం మీద చెప్పి పంపాలి. క్లియరెన్స్ ఎంతకాలంలోపు పునరుద్ధరించవచ్చో అందులో స్పష్టంగా రాయాలి. అమెరికాలో చాలాకాలం ఆ హద్దు సాధారణంగా 24 నెలలు. ఆ గడువు ముగియడానికి ఆరు నెలల ముందు ఒక్క ఫోన్ చేసి, రావాలనుందా అని అడగండి.