ఓపిక మాత్రల్లో దొరుకుతుందా?

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. డెంగీ జ్వరం వచ్చి తగ్గి ఎనిమిది నెలలైంది, ఓపిక మాత్రం తిరిగి రాలేదు. ఒకరోజు ఇల్లు తుడిచి బట్టలు ఉతికితే మర్నాడో ఆ మర్నాడో మంచం దిగలేను. రాత్రంతా పడుకున్నా పడుకున్నట్టు ఉండదు, చదివింది బుర్రకెక్కదు. ‘క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్’ కావచ్చని డాక్టరుగారు అన్నారు. మందుల షాపులో ఇచ్చిన మల్టీవిటమిన్, బీకాంప్లెక్స్, జింకు వాడుతున్నాను. ఇంకేమైనా వేసుకోవాలా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ముందు ఉన్నవాటిలో కొన్ని తీసేద్దాం. మూడు స్ట్రిప్పులూ తిప్పి వెనకవైపు చదవండి. బీ6, అంటే పైరిడాక్సిన్, రెండింటిలో కనిపిస్తుంది. జింకు కూడా రెండుచోట్ల ఉండొచ్చు. ఎక్కువ మోతాదులో నెలల తరబడి వాడితే బీ6 వల్లే అరికాళ్లు తిమ్మిరెక్కవచ్చు. నరాల బలానికని వేసుకున్న మాత్ర నరాలనే దెబ్బతీస్తుందన్నమాట. జింకు రోజుకు 40 మిల్లీగ్రాములు దాటి చాలాకాలం సాగితే ఒంట్లో రాగి తగ్గి రక్తహీనత రావచ్చు. మూడింటిలో ఒక్క మల్టీవిటమిన్ ఉంచుకోండి, చాలు.

మీ ఉత్తరంలో ముఖ్యమైన మాట ‘మర్నాడో ఆ మర్నాడో’ అన్నది. మామూలు అలసట పని చేస్తుండగానే తెలుస్తుంది, ఓ రాత్రి నిద్రతో తీరుతుంది. ఈ జబ్బులో దెబ్బ చాలాసార్లు 12 నుంచి 48 గంటలు ఆలస్యంగా తగులుతుంది. ఆరు నెలలు దాటిన నిస్సత్తువ, ఈ ఆలస్యపు దెబ్బ, సేదదీర్చని నిద్ర, వీటికి తోడు బుర్ర మొద్దుబారడమో, నిలబడితే తల తిరగడమో ఉంటే ఈ జబ్బును అనుమానిస్తారు. దీన్ని తేల్చే రక్తపరీక్ష లేదు. నయంచేసే విటమిన్ కూడా లేదు. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2021లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా ఈ మాటే చెప్పాయి.

మరి పరీక్షలు ఎందుకంటే, ఇదే నీరసాన్ని తెచ్చే లోపాలు పక్కన దాక్కుని ఉండొచ్చు కాబట్టి. సీబీపీ (రక్తకణాల లెక్క), ఫెరిటిన్ (ఇనుము నిల్వ), విటమిన్ డి, టీఎస్‌హెచ్ (థైరాయిడ్), హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగరు సగటు), క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు), కాల్షియం, లివర్ పరీక్ష చేయించండి. బీ12 కూడా చూడాలి గానీ మాత్రలు వాడుతున్నారు కాబట్టి రిపోర్టులో అంకె ఎక్కువగా కనిపిస్తుంది. ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పండి.

హిమోగ్లోబిన్ 12 పైన ఉంది కదా అని ఫెరిటిన్ మానేయకండి. నెలసరి ఎక్కువయ్యే ఆడవాళ్లలో రక్తం బాగానే ఉన్నా ఇనుము నిల్వ అడుగంటుతుంది. ఫెరిటిన్ 30 కన్నా తక్కువుంటే ఐరన్ మాత్ర రోజు విడిచి రోజు, పరగడుపున, నిమ్మరసం నీళ్లతో వేసుకోండి. కడుపులో తిప్పితే భోజనం తర్వాత. కాఫీ, టీలకు ముందూ వెనకా గంటకు పైగా ఎడం ఉండాలి, కాల్షియం మాత్రకు రెండు గంటలు. మన ఇళ్లల్లో ఐరన్ పనిచేయకపోవడానికి ఒక కారణం మాత్ర మింగిన వెంటనే తాగే ఆ కాఫీయే. మలం నల్లగా వస్తే కంగారుపడొద్దు. నిల్వ పెరగడానికి మూడు నెలలైనా పడుతుంది.

లోపాలేవీ లేకపోతే? ప్రయత్నించి చూడదగ్గవి ఒకటి రెండున్నాయి. కోఎంజైమ్ క్యూ10 (కణాల్లో శక్తి తయారీకి తోడ్పడే పదార్థం)తో కొన్ని చిన్న అధ్యయనాల్లో కొందరికి కాస్త తేడా కనిపించింది. రోజుకు 100 నుంచి 200 మిల్లీగ్రాములు, నెయ్యో నూనో ఉన్న భోజనంతో. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవాళ్లు డాక్టరును అడగకుండా ముట్టుకోకూడదు. పిక్కలు పట్టేస్తుంటే మెగ్నీషియం రాత్రిపూట 200 మిల్లీగ్రాములు వేసుకుని చూడొచ్చు. విరేచనాలైతే తగ్గించండి, కిడ్నీ జబ్బుంటే వద్దు. ఏదైనా సగం మోతాదుతో మొదలుపెట్టండి, ఈ జబ్బున్నవాళ్లలో చాలామందికి మందులు తేలిగ్గా పడవు. ఒకసారికి ఒకటే. నోటుపుస్తకంలో రోజూ ఓపికకు పదికి ఎన్ని మార్కులో వేయండి. రెండు నెలలకీ మార్కులు మారకపోతే ఆపేయండి, డబ్బులైనా మిగులుతాయి.

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. ఈ జబ్బుకు ఎత్తుపల్లాలు సహజం. కొత్త మాత్ర వేసుకున్న వారంలో ఒక మంచిరోజు వస్తే అది మాత్ర మహిమ అనుకుని, పేరుకున్న పనంతా ఆ పూటే చేసేస్తారు. రెండోనాడు కుప్పకూలితే మాత్ర పడలేదంటారు. మంచిరోజున కూడా చెడ్డరోజు లెక్కనే పని చేయండి: గది తుడిచారా, బట్టలు ఎల్లుండికి, కూరలు కూర్చుని తరగండి. రోజూ నడక పెంచుకుంటూ పొమ్మనే సలహా ఈ జబ్బుకు చేటు.

ప్రశ్న: వయసు 58. షుగరుకు పదేళ్లుగా మెట్‌ఫార్మిన్, గ్యాసుకు రోజూ పాంటాప్రజోల్. ఏడాదిగా నీరసం, కాళ్ల మంటలు. నాదీ ఇదే జబ్బా? శాకాహారిని.
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: ముందు బీ12 చూడండి. ఆ రెండు మందులూ దాన్ని తగ్గిస్తాయి, పైగా మీ తిండిలో పాలూ పెరుగూ తప్ప దానికి వేరే దారి లేదు. 200 పికోగ్రాముల కన్నా తక్కువుంటే లోపమే. 300 లోపున్నా, కాళ్ల మంటలున్నాయి కాబట్టి డాక్టరు వైద్యం మొదలుపెట్టొచ్చు. తిమ్మిర్లున్నప్పుడు మొదట ఇంజక్షన్లే మేలు. ఫోలిక్ యాసిడ్ ఒక్కటే వేసుకోకండి; రక్తం బాగైనట్టు కనిపిస్తుంది, లోపల నరాలు చెడుతూనే ఉంటాయి. మెట్‌ఫార్మిన్ సొంతంగా ఆపొద్దు. జుట్టుకని బయోటిన్ (ఒక బీ విటమిన్) వాడుతుంటే థైరాయిడ్ పరీక్షకు మూడు రోజుల ముందు మానేయండి, లేకపోతే అంకెలు తప్పు రావచ్చు.

ప్రశ్న: బలం కోసం నెలకోసారి సెలైన్ ఎక్కించుకుంటే రెండు రోజులు హాయిగా ఉంటోంది. కొనసాగించవచ్చా?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: వద్దు. అరలీటరు సాధారణ సెలైన్‌లో నాలుగున్నర గ్రాముల ఉప్పు తప్ప బలమేమీ లేదు. గ్లూకోజు సీసా అయితే 25 గ్రాముల చక్కెర. అయినా తేలిక అనిపిస్తోందంటే నిలబడినప్పుడు మీకు రక్తం తలకు చాలడం లేదేమో. పది నిమిషాలు పడుకుని నాడి లెక్కపెట్టండి, తర్వాత గోడకు ఆనుకుని పది నిమిషాలు నిలబడి మళ్లీ లెక్కపెట్టండి, పక్కన మనిషి ఉండాలి. నిమిషానికి 30కి పైగా పెరిగితే ఆ లెక్కలు డాక్టరుకు చూపండి. బీపీ, గుండె, కిడ్నీ ఇబ్బందులు లేకపోతే ఉప్పు వేసిన మజ్జిగ రోజంతా కొంచెం కొంచెంగా తాగడం సూది గుచ్చుకోవడం కన్నా నయం.

ప్రశ్న: వారానికొకటి వేసుకోమన్న 60,000 యూనిట్ల విటమిన్ డి పొడిని మా నాన్నగారు పది రోజులు రోజూ పాలల్లో కలుపుకుని తాగేశారు. ప్రమాదమా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: పది వారాల మందు పది రోజుల్లో వేసుకున్నారు. ఇప్పుడే ఆపేయండి, కాల్షియం మాత్రలు కూడా. ఇది ఒంట్లో నిల్వ ఉండిపోయే విటమిన్ కాబట్టి ఈరోజు బాగున్నారని వదిలేయకుండా ఈ వారంలో కాల్షియం, క్రియాటినిన్ చూపించండి, డాక్టరు చెప్పినప్పుడు మళ్లీ చేయించండి. వాంతులు, విపరీతమైన దాహం, మలబద్ధకం, మగత కనిపిస్తే ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. మిగిలిన ప్యాకెట్లు ఆయన చేతికి అందకుండా పెట్టండి.