చెన్నై వానల్లో నిలిచే కాగితపు ఆకాశదీపాన్ని ఇంట్లో ఎలా తయారుచేసుకోవాలి?

చెన్నైలో అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలు ఉంటాయి కనుక, కార్తికమాసపు ఆకాశదీపానికి అసలు శత్రువు గాలిలోని తేమ. సన్నని వెదురు బద్దలతో చట్రం కట్టి, ముడులను నూలుదారంతో బిగించి, ఉడికించిన మైదా జిగురును పలుచగా పూసి కాగితం అతికించాలి. పలుచని తెల్ల టిష్యూ కాగితమైతే, జిగురు పూర్తిగా ఆరిన తరువాత నీటిని సన్నని తుంపరగా చల్లితే, ఆరేటప్పుడు కాగితం తనంతట తానే బిగుసుకొని ముడతలు పోతాయి. రంగు కాగితానికి మాత్రం ఈ పద్ధతి పనికిరాదు, రంగు కారిపోతుంది. కాగితాలు జార్జిటౌన్‌లోని ఆండర్సన్ వీధిలో దొరుకుతాయి. లోపల ప్రమిదకు బదులు చిన్న ఎల్‌ఈడీ బల్బు పెట్టి, వాన జల్లు తగలని చోట వేలాడదీయాలి. కుచ్చులు మీ ఇష్టం.