ఇచ్చిన అప్పు అడగడానికి మొహమాటం ఎందుకండీ

స్నేహితుడికి ఇచ్చిన డబ్బు సంబంధం చెడకుండా ఎలా అడగాలి అని అడిగారు. సూటిగా అడగండి. అడిగితే స్నేహం చెడదు, అడక్కుండా నానిస్తేనే చెడుతుంది. నేను పడ్డాను కాబట్టి చెబుతున్నాను.

మాది శ్రీకాకుళం. నా చిన్ననాటి స్నేహితుడిది ఉద్దానంలో మందస దగ్గర ఊరు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి వాడి కొబ్బరి, జీడి చెట్లన్నీ నేలకూలిపోయాయి. నవంబరులో 40 వేలు ఇచ్చాను. నేను వద్దంటున్నా వాడే ప్రామిసరీ నోటు రాసి, స్టాంపు అంటించి సంతకం పెట్టాడు.

రెండేళ్లు దాటాయి. కొబ్బరి మొక్క కాపుకొచ్చేసరికి అయిదారేళ్లు పడుతుందని తెలిసి ఏ మొహంతో అడుగుతాం? కానీ మా అమ్మాయి కాలేజీ ఫీజు నెత్తిమీదకొచ్చింది. 2021 సంక్రాంతికి అడుగుదామనే బండేసుకుని వెళ్లాను. పెరట్లో కూలిన కొబ్బరి మానునే బల్లలా వేసుకున్నారు, దానిమీద కూర్చోబెట్టాడు. రెండు గంటలు కూర్చున్నాం. వాడు నా వైపు చూడకుండా మాను మీద పీచు గోటితో లాగుతూనే ఉన్నాడు, నేను పిల్లల చదువులు, జీడిపిక్కల ధర అన్నీ మాట్లాడాను, ఆ ఒక్కటీ తప్ప. బయల్దేరుతుంటే వాళ్లావిడ "పిల్లలకి పట్టుకెళ్లన్నయ్యా" అని స్టీలు డబ్బా నిండా అరిసెలు పెట్టింది. అది చేతికొచ్చాక ఇంక నోరు పెగల్లేదు.

వారం తర్వాత పొద్దున్నే ఫోన్ చేశాను. "ఒరే, ఆ 40 వేలు అవసరం పడిందిరా. ఒకేసారి వద్దు. నెలకి ఎంత ఇవ్వగలవు, ఏ తేదీకి?" అన్నాను. కాసేపు మాట లేదు. "నువ్వు అడగవు, నేను ఇవ్వలేను, ఆ టెన్షన్‌తోనే మొన్న ఊరి పండక్కి నిన్ను పిలవలేదురా" అన్నాడు. నాకు కళ్లనీళ్లొచ్చాయి. నెలకి 2 వేలు, పదో తేదీకి అని ఇద్దరం అనుకున్నాం.

అసలు మనవాళ్లతో నాకు అర్థం కానిది ఒకటుంది. పెళ్లి చదివింపులు 116 అయినా పుస్తకంలో రాసుకుంటారు, తిరిగి వాళ్లింట్లో పెళ్లికి ఆ పుస్తకం తీసి చూస్తారు, దానికి ఎవరికీ సిగ్గుండదు. చేబదులు అడిగితే మాత్రం "డబ్బు మనిషి" అని పేరు. ఇంకొకటి, మూడో మనిషితో చెప్పించకండి. ఆ మాట ఊరంతా తిరిగి వాడికి చేరేసరికి మీరు తిట్టినట్టే ఉంటుంది.

నోటుంటే ముందు దానిమీద తేదీ చూసుకోండి. మూడేళ్లు దాటితే కాలదోషం పడుతుంది, అంటే గడువు తీరిపోయి ఆ నోటుతో కోర్టుకెళ్లినా నిలవదు. ఆలోపు ఎంతో కొంత కట్టించుకుని, నోటు వెనక తేదీతో చెల్లు, అంటే ఇంత కట్టానని, వాళ్లచేత రాయించి సంతకం తీసుకుంటే అక్కడినుంచి మళ్లీ మూడేళ్లు. స్నేహితుడి దగ్గర ఇదేంటి అనుకోకండి, మా వాడు ప్రతి చెల్లూ తనే అడిగి రాశాడు. మధ్యలో మూడు నెలలు ఇవ్వలేకపోయాడు, ముందే ఫోన్ చేసి చెప్పాడు, నాకేం బాధ అనిపించలేదు.

ఆఖరి 2 వేలు ఇచ్చిన రోజు ఆ కొబ్బరి మాను మీదే కూర్చుని నోటు వాడి చేతికిచ్చాను. వాడు దాన్ని చించకుండా మడతపెట్టి జేబులో పెట్టుకున్నాడు.