నాన్నగారి పాత సాన్సుయ్ ఆంప్లిఫయర్ బాగు చేయించాలా, లక్షలు పోసి కొత్త హై-ఎండ్ ఆంప్లిఫయర్ కొనాలా?

ముందు దాన్ని అటక మీంచి దించండి. కానీ దించిన వెంటనే ప్లగ్గు పెట్టేయకండి, నేను చేసిన తెలివితక్కువ పని అదే.

మా బాబాయ్ ఎప్పుడో కువైట్ నుంచి తెచ్చిన సాన్సుయ్, ఇరవై ఏళ్లు బీరువా పైన దుప్పటి కప్పుకుని పడుంది. ఆత్రం కొద్దీ దులిపి ఆన్ చేశాను. లైటు వెలిగింది, స్పీకర్లలో గుయ్యిమని ఒకటే మోత, వాల్యూమ్ తిప్పితే గరగర. కోఠి గుజరాతీ గల్లీకి మోసుకెళ్తే (బరువు మామూలుగా లేదు, లోపల ట్రాన్స్‌ఫార్మరే ఒక రోలంత ఉంటుంది) మెకానిక్ మూత విప్పి, నెత్తి ఉబ్బిన రెండు పెద్ద కండెన్సర్లు చూపించి, "సిరీస్ బల్బు లేకుండా ఎవరు పెట్టమన్నారు సార్?" అని తిట్టినంత పని చేశాడు (కరెంటు దారిలో ఒక బల్బు కలిపి పెడితే, లోపల షార్టున్నా కరెంటు ఒక్కసారిగా దూసుకురాదు). లోపలి రసాయనం ఎండిపోయిందట. అవి మార్చి, వాల్యూమ్‌లో కాంటాక్ట్ క్లీనర్ కొట్టి పదిసార్లు అటూ ఇటూ తిప్పాడు. మొత్తం 2,800. ఆ రాత్రి పాత పాటలు పెడితే పిన్ని వంటింట్లోంచి వచ్చి నిలబడిపోయింది.

నా స్నేహితుడిది రెండున్నర లక్షల కొత్త ఆంప్లిఫయర్. నాలుగో ఏట డిస్‌ప్లే చచ్చింది. బోర్డు మొత్తం మార్చాలి, ఆ మోడల్ ఆపేశాం అన్నారు. ఇక మీరే చెప్పండి.

మీటరు పెట్టి కొలిస్తే కొత్తవాటిలోనే రొద తక్కువ, ఒప్పుకుంటా. కానీ మన ఫ్లాట్లలో మార్బుల్ నేల, గాజు కిటికీల మధ్య చప్పట్లు కొడితేనే గది గణగణమంటుంది, అక్కడ ఆ తేడా ఎవరికి వినిపిస్తుంది? ముందు ఒక తివాచీ, మందపాటి కర్టెన్లు కొనండి.

వాట్ల సంగతి అసలు ఎత్తకండి. 1978లో వచ్చిన నాడ్ 3020 అనే ఆంప్లిఫయర్‌కి కాగితం మీద ఛానల్‌కి 20 వాట్లే, దాని పేరు ఇప్పటికీ చెప్పుకుంటారు. మన దగ్గర అరచేతిలో పట్టే స్పీకర్ల మీద కూడా వేల వాట్ల పీఎంపీఓ (క్షణం పాటు వచ్చే గరిష్ఠ శక్తి అని చెప్పే ఊహా లెక్క) స్టిక్కర్లు అంటించి అమ్మారు, సిగ్గు లేకుండా. అమెరికాలో 1974లోనే ఈ వాట్ల గొప్పలకు రూల్ పెట్టారు.

కోఠికి మాత్రం కారులో వెళ్లకండి, బండి పెట్టుకోవడానికి జానెడు చోటు దొరకదు. సుల్తాన్ బజార్ మెట్రోలో దిగి, మోయడానికి ఇంకొకరిని తోడు తీసుకెళ్లండి.