జీవాలు పోతే ఫిర్యాదులో ఏం రాయాలి?

చేలో మంద కట్టిన చోట రాత్రికి రాత్రి మూడు పొట్టేళ్లు పోయాయి, ఊళ్లో అందరూ ఫలానా కులం వాళ్ల పనే అంటున్నారు, అదే ఫిర్యాదులో రాయాలా అని కదా మీరు అడిగింది. వద్దండీ. మాది కావలి పక్క పల్లె, జీవాల మీద బతికే ఇల్లు. మా బాబాయి పొట్టేళ్లు పోయినప్పుడూ ఇవే మాటలు అన్నారు. తీరా దొరికింది చూస్తే, మేం మంద ఎక్కడ కడుతున్నామో రోజూ వచ్చి పలకరించి పోయే మనిషే.

పట్టించింది ఆనవాళ్లు. స్టేషన్‌లో ముందు ‘తెల్ల గొర్రెలు, మూతి నలుపు’ అని రాసుకున్నారు. నెల్లూరు జొడిపి జాతి గొర్రె అంటేనే తెల్ల ఒళ్లు, కళ్ల చుట్టూ మూతికీ నలుపు! మన వైపు ఏ మందలో చూసినా అవే. బాబాయి పట్టుబట్టి మళ్లీ రాయించాడు: ఎడమ చెవి కొసన కోత, ఒకదానికి కుడి కొమ్ము మొన విరిగింది, ఇంకోదానికి ముందు గిట్ట పైన పాత పుండు మచ్చ. సంతలో ఆ కొమ్ము చూసే ఆపారు.

కులం సంగతి. బ్రిటిష్‌వాళ్లు 1871లో క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చి కొన్ని తెగలకు పుట్టుకతోనే దొంగల ముద్ర వేశారు. మా కావలిలోనే ఎరుకల కుటుంబాలను సెటిల్‌మెంట్‌లో, అంటే నిఘా కింద ఉంచే బస్తీలో పెట్టారు. ఆ చట్టం 1952లో రద్దయింది, రచ్చబండ దగ్గర మాత్రం ఇంకా నడుస్తానే ఉంది. గొర్రెల దొంగ అని తిట్టుకోండి, ఎవరూ కాదనరు. ఎరుకలవాళ్లు ఎస్టీలు. నలుగురిలో కులం పేరుతో తిడితే అట్రాసిటీ కేసు మీ మెడకే చుట్టుకుంటుంది.

2024 జులై 1 నుంచి జరిగిన దొంగతనానికి భారతీయ న్యాయ సంహిత 303 సెక్షన్ కింద కేసు కడతారు, మూడేళ్ల దాకా జైలు. దొంగ సొత్తని తెలిసి కొన్నవాడి మీద 317 ఉంది. పోలీసులు మా పరిధి కాదని పంపించెయ్యడం కుదరదు, ఎఫ్ఐఆర్ కాపీ ఊరికే ఇవ్వాలి. అసలు కేసు కట్టేది లేదంటే ఎస్పీకి పోస్టులో రాయండి.

ఇంకొకటి, ఆ రాత్రి కుక్కలు ఏ వేళప్పుడు మొరిగాయో పక్క చేల వాళ్లను అడిగి అది కూడా రాయించండి. జీవాలను బండిలో వేసుకుని హైవే ఎక్కి ఉంటే టోల్‌గేటు కెమెరాల్లో వెతకడానికి ఆ టైమే ఆధారం. పాత ఫుటేజీ ఎక్కువ రోజులు ఉంచరు, రేపటిదాకా ఆగకండి.